పంపకం అనే మాట

గత ఏడాది వేసవిలో ఒక ప్రచురణ సంస్థ నాకొక ఆంగ్ల గ్రంథం పంపి, తెలుగు చేసి పెట్టమని కోరింది. ప్రకృతి శాస్త్రానికి సంబంధించిన వ్యాసాల సంపుటి అది. నేను ఆంగ్ల సాహిత్యంలో పట్టభద్రురాలిని. నవలలు, నాటకాలు, జీవిత చరిత్రలు తెలుగు చేస్తూ ఇరవై ఏళ్ళకు పైగా పొట్టపోసుకుంటున్నదానిని. శాస్త్రమంటే కొంత జంకు లేకపోలేదు గాని, మాట దొరికితే విషయం దానంతట అదే లొంగుతుందని ఒక ధీమా ఉండేది. ఆ ధీమాను ఒక చేప పోగొట్టింది.

ఆ చేప పేరు ఇంగ్లీషులో 'చార్'. ఉత్తర ధ్రువం చుట్టుపక్కల చల్లని నీళ్ళలో బతికే, సాల్మన్ కుటుంబానికి చెందిన చేప. ఇప్పుడు ఇంత నిబ్బరంగా చెబుతున్నాను గాని, మొదటిసారి ఆ మాట కంటబడినప్పుడు నాకు తెలిసిన అర్థం ఒక్కటే: మాడి బొగ్గు కావడం. ఎవరో నిప్పుల మీద కాల్చిన చేపల సంగతి కాబోలు అనుకుని, మొదటి పేజీలో హాయిగా 'కాల్చిన చేపలు' అని రాసుకుంటూ పోయాను. మూడో పేరాకు వచ్చేసరికి నా కాల్చిన చేపలు నీళ్ళలో ఈదుతూ గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి! ఎవరూ చూడకముందే ఆ కాగితం చించివేశాను. కాని ఆ రోజు నుంచి ఆ వ్యాసం ముందు అణకువగా కూర్చోవడం నేర్చుకున్నాను.

వ్యాసం ఐస్‌లాండ్ దేశంలోని ఒక సరస్సును గురించినది. ఆ దేశపు నైరుతి భాగంలో, రాజధాని రేక్యవిక్‌కు సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. పేరు థింగ్వట్లావత్న్. మన నోటికి కొరుకుడుపడని మాటే గాని, విడదీస్తే ఎంతో సులువు. థింగ్ అంటే సభ. వెట్లిర్ అంటే మైదానాలు. వత్న్ అంటే నీరు, సరస్సు. సభా మైదానాల సరస్సు. క్రీ.శ. 930లో ఐస్‌లాండ్ ప్రజలు తమ మహాసభను ఆ ఒడ్డునే నెలకొల్పుకున్నారు. ఏటా వేసవిలో దేశం నలుమూలల నుంచి గుర్రాల మీద వచ్చి, చట్టాలు చెప్పుకొని, హత్యల మీద, హద్దుల మీద, వారసత్వాల మీద తగవులు తీర్చుకొనేవారు. 1798 వరకు ఆ సభ అక్కడ జరిగింది. 2004లో ఆ ప్రదేశాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

సరస్సు వైశాల్యం సుమారు 84 చదరపు కిలోమీటర్లు. అతి లోతైన చోట 114 మీటర్లు. భూమి పైపొరలోని రెండు మహాఫలకాలు, ఉత్తర అమెరికాది ఒకటి, యూరేషియాది ఒకటి, ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున ఒకదానినుంచి ఒకటి తొలగిపోతున్న చీలికలో ఈ సరస్సు కూర్చున్నది. అందులోకి వచ్చే నీటిలో పదింట తొమ్మిది వంతులు ఏరుల ద్వారా రాదు. మంచు కరిగిన నీరు, వాననీరు అగ్నిపర్వతాల లావారాతి పొరల్లోకి ఇంకి, ఏళ్ళ తరబడి వడగట్టుకొని, ఊటలుగా అడుగునుంచి పైకి వస్తుంది. ఆ ఊటనీటి వేడి మూడు, నాలుగు డిగ్రీలకు మించదు. అంతటి తేటనీరు లోకంలో అరుదు అంటారు.

ఆ నీటిలో చేపల జాతులు ఎన్నో ఉంటాయనుకుంటాము. ఉన్నవి మూడే. చార్ ఒకటి, బ్రౌన్ ట్రౌట్ ఒకటి, వీపున మూడు ముళ్ళుండే స్టికిల్‌బ్యాక్ అనే చిరుచేప ఒకటి. సుమారు పదివేల సంవత్సరాల క్రితం హిమయుగం ముగిసి మంచు వెనుదిరిగినప్పుడు ఈ మూడూ సముద్రం నుంచి ఎగువకు వచ్చాయి. తరువాత మంచు బరువు తగ్గిన నేల పైకి లేచింది. దారిలో జలపాతాలు ఏర్పడ్డాయి. వచ్చిన దారి మూసుకుపోయింది. ఇక ఉన్నచోటే బతకాలి.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. పోటీకి వచ్చే ఇతర జాతులు లేని ఆ విశాలమైన నీటిలో, ఒక్క చార్ జాతి నాలుగు తీరుల చేపలుగా మారింది. మొదటిది నడినీటిలో తిరుగుతూ, నీటిలో తేలాడే సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది. జానెడు పొడవు, వెండిరంగు, మొనదేరిన మూతి. దీనిని అక్కడివారు మూర్టా అంటారు. రెండవది చిన్న చేపలను, ముఖ్యంగా స్టికిల్‌బ్యాక్‌లను వేటాడుతుంది. ఇదీ కోలమూతిదే, బాగా పెరుగుతుంది. మూడవది ఒడ్డు వెంబడి రాళ్ళమీద పాకే నత్తలను ఏరుకు తింటుంది. మూరెడు పెరుగుతుంది. ముక్కు మొద్దు, కింది దవడ పొట్టి, రాళ్ళమధ్య నిలదొక్కుకోవడానికి పక్క రెక్కలు పెద్దవి. నాలుగవది మరుగుజ్జు. జానెడు కూడా ఎదగకుండానే గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది. లావారాళ్ళ సందుల్లో దాగి, అక్కడి నత్తలను, పురుగుల లార్వాలను తిని బతుకుతుంది. ముదురురంగు ఒళ్ళు, మొద్దుమూతి.

పక్కపక్కన పెడితే ఇవి ఒక తల్లి బిడ్డలంటే ఎవరూ నమ్మరు. 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో వీటిలో కొన్నింటిని వేరు జాతులుగానే వర్ణించారు. తరువాతి పరిశోధకులు నాలుగింటి గుడ్లనూ తెచ్చి, ఒకే రకమైన తొట్టెలలో, ఒకే మేతతో పెంచి చూశారు. కొన్ని తేడాలు పుట్టుకతోనే వస్తున్నాయని, కొన్ని మేతను బట్టి, మసలే చోటును బట్టి వస్తున్నాయని తేలింది. గుడ్లు పెట్టే కాలాలు కూడా కొంత వేరు. నత్తలు తినే పెద్ద చార్ జులై, ఆగస్టు నెలల్లో, చల్లని ఊటలు పైకి వచ్చే చోట గుడ్లు పెడితే, మూర్టా సెప్టెంబరు, అక్టోబరు వరకు ఆగుతుంది. ఒకే కప్పు కింద ఉంటున్నా పెళ్ళిముహూర్తాలు వేరైతే వంశాలు కలవవు కదా!

ఇంతవరకు నా కలం బాగానే సాగింది. అక్కడ ఒక మాట అడ్డుపడింది. ఒకే చోట ఉండే ప్రాణులు ఆహారాన్ని, చోటును తమలో తాము వేరుచేసుకొని బతకడానికి ఇంగ్లీషులో 'రిసోర్స్ పార్టిషనింగ్' అంటారు. నిఘంటువు తీయనవసరం కూడా లేకపోయింది. 'వనరుల పంపకం' అని రాశాను. రాసి, కలం పక్కన పెట్టి, చాలాసేపు ఆ మాటకేసి చూస్తూ కూర్చున్నాను.

పంపకం అనే మాట మా ఇంట్లో ఎవరూ అనరు. ఆరేళ్ళ క్రితం మా అమ్మ పోయినప్పుడు, కైకలూరు దగ్గర మా ఊళ్ళో ఉన్న ఇంటిని గురించి నాకూ తమ్ముడికీ మాట వచ్చింది. ఇల్లు తనకు వదిలిపెట్టమని తమ్ముడు అడిగాడు. నేను కాదన్నాను. నాకు ఆ ఇంటి అవసరం ఉండి కాదు. ఆడపిల్లకు సమాన హక్కు అని మన రాష్ట్రంలో 1986లోనే చట్టం వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది; చదువుకున్నదానిని నేనే వదులుకుంటే ఇక ఎవరు నిలబడతారు అన్నాను. ఆ మాట న్యాయమే. ఇప్పటికీ న్యాయమే అంటాను. కాని నేను దానిని అన్న తీరు వేరు. పెద్దమనుషుల ముందు, అతని భార్య వింటుండగా, కాగితం చదివినట్లు చదివాను. తమ్ముడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పంపకం తేలలేదు. మాటలు మాత్రం తెగిపోయాయి. ఆ తరువాత పెళ్ళిళ్ళలో ఎదురుపడితే క్షేమసమాచారాలు తప్ప మరొకటి లేదు.

మా తమ్ముడు చేపల చెరువులు చేస్తాడు. కొల్లేరు చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు అది వింత కాదు. నేను ఏ పుస్తకాలు తిరగేసినా దొరకని చేపల భాష అతని నోట్లో ఉన్నది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా పదిరోజులు నిఘంటువులు వెదికాను. పదకొండో రోజు సాయంత్రం ఫోను చేశాను.

"ఏరా, బాగున్నావా? ఒక మాట కావలసి వచ్చింది" అన్నాను.

అవతల కొంచెంసేపు నిశ్శబ్దం. "చెప్పక్కా" అన్నాడు.

సరస్సు సంగతి, నాలుగు తీరుల చేప సంగతి చెప్పాను. అతను మధ్యలో ఆపి మొదటి ప్రశ్న వేశాడు. "అంత చలిదేశంలో చెరువు గడ్డకట్టదూ? చేప ఎట్లా బతుకుద్ది?"

ఆ ప్రశ్నకు జవాబు నేను ముందురోజే అనువదించాను. నీరు చల్లబడేకొద్దీ బరువెక్కుతుంది. కాని నాలుగు డిగ్రీల వరకే. అంతకంటే చల్లబడితే మళ్ళీ తేలికవుతుంది. అందుచేత మంచు పైన తేలుతుంది, నాలుగు డిగ్రీల నీరు అడుగున నిలుస్తుంది. పైన దుప్పటి కప్పినట్లు మంచుపలక, కింద చేపలు. పూర్వం ఆ సరస్సు దాదాపు ప్రతి శీతకాలమూ గడ్డకట్టేది. ఇటీవలి దశాబ్దాలలో పూర్తిగా గడ్డకట్టని ఏళ్ళు కూడా వస్తున్నాయి అని చెప్పాను.

"మేత ఎవరేస్తారు?" అన్నాడు.

"ఎవరూ వేయరు. ఊటనీరు లావారాళ్ళనుంచి ఖనిజాలను కరిగించి తెస్తుంది. వసంతంలో ఎండ పొద్దు పెరిగేసరికి కంటికి కనిపించని నాచు పుడుతుంది. దానిని తినే పురుగులు, వాటిని తినే చేపలు. అంతే."

"అయితే ఎదుగుదల నెమ్మది" అన్నాడు వెంటనే. నిజమే. అక్కడి చేప ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. ఆ వాక్యం నా కాగితాలలో ఇంకా మూడు పేజీల తరువాత ఉన్నది. అతను చూడకుండానే చదివేశాడు.

అప్పుడు అసలు మాట అడిగాను. "ఒకే నీళ్ళలో నాలుగూ నాలుగు రకాల మేత తింటాయి. దానిని వనరుల పంపకం అని రాశాను. బాగుంటుందా?"

తమ్ముడు వెంటనే పలకలేదు. తరువాత మెల్లగా అన్నాడు. "పంపకం అంటే పెద్దమనుషులు కూచోవాల గదక్కా. వాటా తేల్చాల. చేపలు అట్టా చెయ్యవు. మా చెరువులో చూడు. బొచ్చె పైన తిరుగుద్ది, శీలావతి నడిమిన తిరుగుద్ది, మోసు అడుగున తిరుగుద్ది. ఎవరూ వాటికి చెప్పలా. ఎక్కడ నోటికి అందుద్దో అక్కడికి పోద్ది. దాని తావు దానిది. మేత తావు అంటాం మేం."

మేత తావు! శాస్త్రజ్ఞులు 'నిచ్' అని పిలిచేదానికి ఇరవై ఏళ్ళుగా 'జీవావరణ స్థానం' అనే బరువైన మాట మోస్తున్నాము. మా తమ్ముడి చెరువు గట్టుమీద ఆ మాట రెండు ముక్కల్లో, ఉప్పూ కారం అంటుకొని సిద్ధంగా ఉన్నది.

"కాని ఒక తేడా ఉందిరా" అన్నాను. "నీ బొచ్చె, శీలావతి, మోసు మూడు జాతులు. అక్కడ నాలుగూ ఒకటే జాతి."

"ఒకటే చేపకు నాలుగు పేర్లా?" అని ఒక్క క్షణం ఆలోచించి నవ్వాడు. "మన పులస లేదూ? సముద్రంలో ఉన్నన్నాళ్ళూ విలస. గోదారి ఎర్రనీళ్ళకు ఎదురీది వస్తే పులస. చేప అదే. ఉన్నచోటును బట్టి పేరు, పేరును బట్టి ఖరీదు."

ఆ మాటతో నా వ్యాసంలో మరో ముడి విడిపోయింది. ఆ నాలుగు చార్‌లకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లు పొడుగైనవి: ప్లవక భక్షకం, మత్స్య భక్షకం, స్థూల తలభక్షకం, సూక్ష్మ తలభక్షకం. ఆ పేర్లతో పాఠకుడు రెండో పేజీ తిప్పడు. కాని అక్కడి రైతులు, జాలరులు నాలుగింటికీ తమ పేర్లు పెట్టుకున్నారు. మూర్టా సరే. చిరుచేపలు తినేదానిని సీలాబ్లేక్యా అంటారు. నత్తలు తినేదానిని నత్తగుల్ల పేరుతో కుడుంగాబ్లేక్యా అంటారు. పొట్టిదానిని మరుగుజ్జు అనే అర్థంలో ద్వెర్గ్‌బ్లేక్యా అంటారు. వల వేసేవాడికి చేప ఏమి తింటుందో, ఎప్పుడు ఒడ్డుకు వస్తుందో తెలియాలి. తెలిసినదానికి పేరుండాలి. పుస్తకానికి ముందే ఆ జ్ఞానం పడవలో ఉన్నది. నేనూ ఆ దారినే పోయి మూర్టాను ఉంచి, మిగిలినవాటిని వేటచార్, నత్తచార్, పొట్టిచార్ అన్నాను.

ఆ రాత్రి మేము గంటకు పైగా మాట్లాడుకున్నాము. ఇంటి మాట ఎత్తలేదు. మరుసటివారం అచ్చుకు పోకముందే వ్యాసం మొత్తం అతనికి పంపాను. రెండు రోజుల తరువాత ఫోను చేశాడు. చిన్న చిన్న దిద్దుబాట్లు చెప్పాడు. ఆఖరున, "ట్రౌట్ సంగతి రెండుసార్లు చదివానక్కా" అన్నాడు.

ఆ సంగతి చెప్పవలసినదే. ఆ సరస్సులోని బ్రౌన్ ట్రౌట్ భారీ చేప. చార్‌ను వేటాడి తిని పెరుగుతుంది. సరస్సు నీరంతా సోగ్ అనే నది మీదుగా బయటకు పోతుంది. సరస్సు నోటివద్ద, వడిగా పారే నీటిలోని కంకర నేల ఆ ట్రౌట్‌కు ముఖ్యమైన పురిటి గది. కరెంటు కోసం అక్కడ ఆనకట్ట తలపెట్టారు. 1959 జూన్‌లో, కట్టడం ఇంకా పూర్తికాకముందే, తాత్కాలికపు గట్టు తెగి నీరు ఒక్కసారిగా విరుచుకుపడింది. ఆ కంకర కొట్టుకుపోయింది. తరువాత ఆనకట్ట పూర్తయి నదినోరు మూసుకుపోయింది. పదివేల ఏళ్ళుగా అక్కడ గుడ్లు పెట్టిన ట్రౌట్ సంతతి కొద్దికాలంలోనే క్షీణించిపోయింది. ఎవరూ దానిని చంపుదామనుకోలేదు. దేశానికి వెలుగు కావాలనుకున్నారు. దాని తావు మాత్రం పోయింది.

"గట్టు తెగితే ఎట్టా ఉంటదో నాకు తెలుసక్కా" అన్నాడు తమ్ముడు.

అప్పుడు చెప్పాడు, ఇన్నేళ్ళూ నాతో చెప్పనిది. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ హద్దుల్లో వెలసిన చేపల చెరువుల గట్లను 2006లో పెద్ద ఎత్తున తొలగించారు. తమ్ముడు అప్పటికి ఇరవై ఆరేళ్ళవాడు. అప్పు చేసి కౌలుకు తీసుకొన్న చెరువు అందులో పోయింది. "సరస్సు బతకాలంటే తియ్యాల్సిందే. పక్షులు రావటం మానేసినయ్యి, వరదనీరు పోవటానికి దారి లేదు. అది నేనూ కాదనను. కానీ పిల్లచేప వదిలి నాలుగు నెలలే అయింది" అన్నాడు. ఆ అప్పు తీరడానికి పదేళ్ళకు పైగా పట్టిందట. తీర్చే దారిలో తన భార్య నగలు, తన పేరున ఉన్న పొలం పోయాయి. అమ్మ పోయేనాటికి అతనికి మిగిలినది, తలదాచుకుంటున్న ఆ ఇల్లొక్కటే.

ఆ ఏడు నేను హైదరాబాదులో ఒక ఆంగ్ల నవల అనువదిస్తున్నాను. కొల్లేరు గట్ల వార్త పత్రికలో చదివి, సరస్సుకు మేలు జరిగిందని సంతోషించిన సంగతి నాకు స్పష్టంగా జ్ఞాపకం ఉన్నది. అందులో తప్పు లేదు. కాని ఆ వార్తలో మా తమ్ముడు ఉన్నాడని నాకు తోచలేదు. అడగను కూడా లేదు. అమ్మకు తెలుసు. నాతో చెప్పవద్దని అతనే అన్నాడట, "అక్క చదువుకున్నది, మనదే తప్పంటుంది" అని.

చార్ చేప చలినీటి ప్రాణి. మంచినీటి చేపలలో అంత ఉత్తరానికి పోయి బతికేది మరొకటి లేదు. భూగోళం వేడెక్కేకొద్దీ ఐస్‌లాండ్‌లోని లోతు తక్కువ సరస్సులలో అది తగ్గిపోతున్నది. థింగ్వట్లావత్న్‌ను అడుగునుంచి వచ్చే చల్లని ఊటలు ఇంకా కొంత కాపాడుతున్నాయి. పైకి కనిపించే నీటిని బట్టి ఒక సరస్సు క్షేమాన్ని చెప్పలేమని ఆ వ్యాసం నాకు నేర్పింది. దాని బతుకంతా కంటికి కనిపించని ఊటలో ఉన్నది. మనుషుల విషయంలో ఈ సంగతి నలభై ఎనిమిదేళ్ళు వచ్చేవరకు నాకు తట్టకపోవడమే ఆశ్చర్యం.

పుస్తకం ఈ ఏడు అచ్చయింది. అందులో 'వనరుల పంపకం' అనే మాట లేదు. 'మేత తావులు వేరుపడటం' అని ఉన్నది. ఆ మాట ఎవరిదో పుస్తకంలో చెప్పడానికి చోటు లేకపోయింది. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

ఇల్లు ఇంకా ఇద్దరి పేరనే ఉన్నది. నా హక్కును నేను వదులుకోలేదు. వదులుకోమని తమ్ముడూ మళ్ళీ అడగలేదు. కాని అతను బతికినన్నాళ్ళూ ఆ ఇంట్లో అతనే ఉండాలని, అమ్మబోమని, నేను నా చేతితో కాగితం రాసి పంపాను. అది అందిన రోజు రాత్రి ఫోను చేశాడు. ఆ కాగితం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. వానల గురించి, పిల్లచేప ధర గురించి మాట్లాడాడు. పెట్టేసే ముందు అడిగాడు.

"అక్కా, ఆ ట్రౌట్ మళ్ళీ వచ్చిందా?"

వచ్చింది. తరువాతి దశాబ్దాలలో పిల్లచేపలను వదిలారు, నదినోటి దగ్గర మళ్ళీ కంకర పోశారు, కొంత నీరు వదలడం మొదలుపెట్టారు. సరస్సులో కలిసే ఓక్సరా అనే చిన్న నదిలోకి శరదృతువులో పెద్ద పెద్ద ట్రౌట్‌లు గుడ్లు పెట్టడానికి ఎక్కుతుంటే జనం ఒడ్డున నిలబడి చూస్తారు. పూర్వపు సంఖ్య రాలేదు. కాని వస్తున్నాయి.

"వస్తోందిరా" అన్నాను. "మెల్లిగా వస్తోంది."